స్వర్ణముఖి పక్కన దిగి, అరుణానది పక్కన ఎక్కి

మా తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్ళకి కొండంటే ఒక్కటే కొండ. ఇంటి గడపలో నిలబడినా, బస్టాండులో దిగినా ఎదురుగా అదే. ఇక సముద్రమంటే మద్రాసు. బస్సెక్కి పోవడం, మెరీనాలో కాళ్ళు తడుపుకోవడం, రాత్రి బస్సుకి తిరిగి రావడం. కొండనించి ఒక ఏటి వెంబడి సైకిలు తొక్కుకుంటూ ఉప్పునీళ్ళ దాకా దిగొచ్చనీ, ఇంకో ఏటి వెంబడి మళ్ళీ మనూరికి ఎక్కి రావొచ్చనీ నాకు చూపించినవాడు మా సందు చివర సైకిలు షాపు భాయ్.

1990లలో మాట ఇది. భాయ్‌కి వేనాడు దర్గా మీద గట్టి గురి. వేనాడు పులికాట్ సరస్సు మధ్యలో వుండే దీవి. ఏటా సంక్రాంతి దాటిన వారంలో అక్కడికి సైకిలు మీద పోయి రావడం ఆయన మొక్కు. బస్సులో పోతే మొక్కు చెల్లినట్టు కాదు ఆయన లెక్కలో. కాలేజీలో చేరిన ఏడు నేనూ, మా చిన్నాన్న కొడుకూ ఆయన్ని పట్టుకుని వేలాడినాం, మమ్మల్ని గూడా తీసుకుపొమ్మని. "మీ నాయన్ని అడిగి రాండి, ఆమీట చూద్దాం" అన్నాడు. నాయన సరేనన్నాడు, భాయ్ వెంట కాబట్టి.

దారి ఇదీ: తిరుపతి, రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్ళూరుపేట. అక్కణ్ణుంచి శ్రీహరికోట రోడ్డులో సరస్సు మీదుగా పోయి వెనక్కి రావాలి. ఆ తర్వాత తడ, వరదయ్యపాళెం, సత్యవేడు, ఊత్తుకోట, సురుటుపల్లి, నాగలాపురం, పిచ్చాటూరు, నారాయణవనం, పుత్తూరు, మళ్ళీ తిరుపతి. అంతా కలిపి సుమారు 250 కిలోమీటర్లు. ఇప్పుడు గేర్ల సైకిళ్ళ మీద ఒక్క పగట్లో ముగించే పిల్లలున్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. మావి ఇనప సైకిళ్ళు, రాడ్ బ్రేకులు, వెనక లగేజీ క్యారియరు. మొదటి రాత్రి సూళ్ళూరుపేటలో, రెండో రాత్రి నాగలాపురంలో పడుకునేవాళ్ళం.

బయలుదేరడానికి వారం ముందే భాయ్ మా సైకిళ్ళు షాపులో పెట్టుకునేవాడు. వెనకచక్రానికి మామూలుగా వుండే 18 పళ్ళ ఫ్రీవీలు విప్పి 20 పళ్ళది బిగించేవాడు. రెండు పళ్ళే గదా అనిపిస్తుంది. చదునులో వేగం కాస్త తగ్గుతుంది గానీ, ఎదురుగాలిలో, ఎక్కుడులో మోకాళ్ళ మీద పడే బరువు తగ్గుతుంది. గేర్లు లేని సైకిలుకి అదే గేరు. హబ్బుల్లో గ్రీసు మార్చి, చువ్వలన్నీ ఒక్కొక్కటే వేలితో మీటి, వదులైన చోట బిగించేవాడు. ఆ మీటే చప్పుడు విని ఏ చువ్వ ఎంత బిగువుందో చెప్పగలడు. నేను తర్వాత బతుకులో చాలామంది పనిమంతుల్ని చూశాను. చేతిలో వున్న వస్తువు మాట అంత శ్రద్ధగా వినేవాళ్ళు తక్కువ.

తెల్లవారుజామున చీకట్లో డైనమో వెలుతురులో బయలుదేరేవాళ్ళం. రేణిగుంట దాటేసరికి తూర్పు తెల్లబడేది. ఏర్పేడు దగ్గర్నుంచి స్వర్ణముఖి ఒక పక్క వుందని తెలుస్తూనే వుంటుంది, కనిపించినా కనిపించకపోయినా. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసకే. కానీ ఈశాన్య వానలు బాగా పడిన సంవత్సరం జనవరిలో సన్నటి పాయ మిగిలి వుండేది. శ్రీకాళహస్తిలో ఆ పాయలోనే కలంకారీ గుడ్డలు జాడించేవాళ్ళు. మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి, బారెడు గుడ్డని నీళ్ళల్లో పరిచి, అదనపు రంగు పోయేదాకా వదిలేవాళ్ళు. కలంతో గీసిన దేవుళ్ళ బొమ్మలు నీళ్ళ కింద కదులుతుంటే మేం వంతెన మీద సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళం. పారే నీళ్ళు లేకపోతే ఆ పని సాగదు. ఏరు ఎండితే ఎండేది పొలాలొక్కటే కాదని నాకు మొదట తెలిసింది అక్కడే.

కాళహస్తి గుడి వీధిలో ఇడ్లీలు తిని, అమ్మ కట్టిచ్చిన పులిహోర మధ్యాహ్నానికి దాచుకునేవాళ్ళం. ఊరు దాటినాక కొండలు వెనకపడతాయి. అప్పటి నుంచి నాయుడుపేట దాకా గాలితోనే పని.

జనవరిలో మా పక్క గాలి ఈశాన్యం నించి వీస్తుంది. కాళహస్తి నించి నాయుడుపేటకి పోయేది కూడా దాదాపు అటే. అడ్డంగా కొండ లేదు, అడివి లేదు, వరిమళ్ళ మీదుగా నేరుగా మొహానికి కొడుతుంది. ఎండ కనిపిస్తుంది, రోడ్డు చదునుగా కనిపిస్తుంది, సైకిలు మాత్రం ముందుకు పోదు. ఎక్కుడైతే పైన ఒక చివర కనిపిస్తుంది, మనసు దాన్ని పట్టుకుంటుంది. ఎదురుగాలికి చివరంటూ కనపడదు. ఈ దారిలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఏదంటే నేను ఇప్పటికీ కొండల పేరు చెప్పను, ఈ చదును ముక్క పేరే చెబుతాను.

భాయ్ దానికి ఒక పద్ధతి పెట్టాడు. ముగ్గురం ఒకే వరసలో, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మూరెడు దూరంలో పోవాల. ముందువాడు అలసిపోకముందే పక్కకి తప్పుకుని వెనక్కి రావాల. "ముందుపోయేటోడు గాలిని కోస్తాడు, వెనకోడు ఊపిరి తీసుకుంటాడు. నేను బలంగా వుండానని ఎవుడూ ముందే వుండిపోగూడదు" అనేవాడు. వెనక చేరినప్పుడు కాళ్ళకి తెలిసే తేడా మాటల్లో చెప్పలేను. అదే వేగం, సగం కష్టం. పోటీల్లో తొక్కేవాళ్ళు చేసేది అదేనని చాలా ఏళ్ళ తర్వాత టీవీలో చూసినప్పుడు అర్థమయింది. భాయ్‌కి ఎవరు నేర్పారో నేనెప్పుడూ అడగలేదు.

ఈ దారిని ఈ దిక్కుగానే తిరగాలనేది కూడా ఆయన పట్టుదలే. ముందు పుత్తూరు వైపు పోయి, చివర కాళహస్తి మీదుగా రావొచ్చు గదా అని మా తమ్ముడు అడిగాడు ఒకసారి. "గాలి ఎదురుగా వున్నప్పుడు వొంట్లో సత్తువుండాల అబ్బోడా. సత్తువ అయిపోయినాక గాలి వెనకుండాల" అన్నాడు. ఆ మాటలో లెక్కంతా వుంది. మొదటి రోజు ఈశాన్యానికి ఎదురు పోతాం. నాయుడుపేట నించి దక్షిణానికి తిరిగాక గాలి పక్కకి వస్తుంది. సత్యవేడు దాటి కొండల్లోకి ఎక్కేటప్పుడు అదే గాలి వీపున వుంటుంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున వుంది, సూళ్ళూరుపేట సముద్రానికి అంచున వుంది. ఆ ఎత్తంతా తిరుగు ప్రయాణంలో కాళ్ళతోనే తిరిగి సంపాదించుకోవాలి. దానికి గాలి సాయం కావాలి.

నాయుడుపేటలో మద్రాసు ట్రంకు రోడ్డు తగిలేది. అప్పటికింకా నాలుగు వరసలు కాలేదు. రెండు పక్కలా చింతచెట్లు, మధ్యలో లారీలు. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, లారీ హారను వినపడితే మట్టిలోకి దిగడం, పోయాక ఎక్కడం. కానీ దొరవారిసత్రం దగ్గర పక్కకి తిరిగితే నేలపట్టు వచ్చేది. చెరువు నీళ్ళల్లో మునిగి నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు. గూళ్ళలో పిల్లలు, వాటి గోల, రెట్టల వాసన. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పారితే పైరు బాగా వస్తుందని ఊరివాళ్ళ నమ్మకం, అందుకే పక్షుల్ని ఎవర్నీ ముట్టనిచ్చేవాళ్ళు కారు. చెట్టు మీద గూడు, తిండి మాత్రం పులికాట్‌లో. తల్లి పక్షులు రోజూ సరస్సుకి పోయి చేపలు తెచ్చేవి. రేపు మనం పోయే చోటికే అవీ పోతున్నాయని మా తమ్ముడు గంతులేశాడు.

సూళ్ళూరుపేట చేరేటప్పటికి సాయంత్రం. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి తలుపులుండవు, రాత్రీ పగలూ అమ్మవారి దర్శనం. రాకెట్ వదిలే ముందు షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, పెద్దలు ఆ తల్లికి మొక్కుకుని పోతారు. మేం గుడి దగ్గరే ఒక సత్రం అరుగు మీద పడుకునేవాళ్ళం. భాయ్ ఏటి దగ్గర నమాజు చేసుకుని వచ్చి, గుడి వైపు తిరిగి ఒక్క నిమిషం నిలబడి, దుప్పటి పరుచుకునేవాడు.

ఇక పులికాట్. దీని గురించి నేను ఎంత చెప్పినా నాకు చాలదు. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్ళూరుపేట నించి శ్రీహరికోటకి పోయే రోడ్డు సరిగ్గా దాని మధ్యగా పోతుంది. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో నల్లటి రోడ్డు, దాని మీద మేం. తెల్లవారేటప్పుడు పోతే నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత కనపడదు. గాలి ఉప్పగా నాలిక మీద తెలుస్తుంది. పడవల్లో తెడ్డు వేసుకుంటూ వలల దగ్గరికి పోతున్న బెస్తవాళ్ళు, నడుములోతు నీళ్ళల్లో చేతుల్తో రొయ్యలు తడుముతున్న ఆడవాళ్ళు. ఆడవాళ్ళ పళ్ళ మధ్య తాటాకు బుట్ట తాడు, బుట్ట వెనక తేలుతూ వచ్చేది.

ఫ్లెమింగోలు మొదట తెల్లటి చారలాగా కనపడతాయి, దూరంగా. సైకిలు చప్పుడు చెయ్యదు కాబట్టి కార్ల వాళ్ళకన్నా మేం దగ్గరికి పోగలిగేవాళ్ళం. ముక్కు తలకిందులుగా నీళ్ళల్లో పెట్టి, అటూ ఇటూ ఊపుతూ, బురదనీళ్ళు వడగట్టి సన్నటి నాచునీ, చిన్న పురుగుల్నీ తింటాయి. రెక్కలకి ఆ గులాబీ రంగు ఆ తిండి వల్ల వచ్చేదే. ఒకటి లేచిందంటే గుంపంతా లేస్తుంది. రెక్క విప్పినప్పుడే లోపలి ఎరుపూ నలుపూ బయటపడతాయి. మొదటిసారి అది చూసినప్పుడు నేను సైకిలు స్టాండు వెయ్యడం మర్చిపోయి చేత్తో పట్టుకుని అట్లే నిలబడిపోయాను. భాయ్ ఏమీ అనలేదు. తొందర పెట్టలేదు. ఆయన అన్నేళ్ళుగా చూస్తున్నవాడు, ఆయన కూడా నిలబడ్డాడు.

అటకానితిప్ప దాటాక షార్ గేటు. అక్కడితో మనలాంటి వాళ్ళకి రోడ్డు ఆగిపోతుంది. 1971 అక్టోబరులో ఆ దీవి నించి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1995 జనవరిలో మేం పోయినప్పుడు టీ అంగట్లో అందరి నోటా అంతకు మూడు నెలల ముందు పైకి పోయిన పీఎస్ఎల్వీ రాకెట్ మాటే. అంతకు ముందేడు మొదటిది విఫలమై సముద్రంలో పడింది కాబట్టి, ఇది పోయినప్పుడు ఊరంతా రోడ్డు మీదికొచ్చి నిలబడిందట. ఆ అంగట్లోనే ఒక ముసలాయన మాత్రం రాకెట్ గురించి మాట్లాడలేదు. దీవిలో తరతరాలుగా యానాదులు ఎట్లా బతికేవాళ్ళో, ఏ గడ్డ ఏ జబ్బుకి పనికొచ్చేదో చెప్పాడు. రెండూ ఆ నేల కథలే. నాకు ఆ ముసలాయన మాటలే ఎక్కువ గుర్తుండిపోయాయి.

వేనాడుకి రోడ్డు మీద నించి పక్కకి దిగాలి. నీళ్ళు తీసిన సంవత్సరం సరస్సు అడుగే దారి, గట్టిపడిన బురద మీద ఉప్పు పొర. సైకిలు చక్రాల కింద పటపటమని పగిలేది. మెత్తటి చోట దిగి తోసుకుంటూ పోయేవాళ్ళం. దర్గాలో భాయ్ చాదర్ కప్పి, చక్కెర పంచి, ఒక మూల కూర్చునేవాడు. మాకూ నెత్తిన నెమలీకల కట్టతో తట్టించేవాడు. పక్కనే నారికేళం కొట్టడానికొచ్చిన హిందూ కుటుంబాలు మాకన్నా ఎక్కువే వుండేవి.

ఆ రోజు ఇంకా సగం కూడా కాలేదు. తడ దాకా ట్రంకు రోడ్డు, అక్కణ్ణుంచి పడమటికి వరదయ్యపాళెం. ఇక్కడ మొదటిసారి మళ్ళీ కొండలు కనిపిస్తాయి. కంబాకం కొండలు నీలంగా, కుడిపక్క పొడుగునా. ఉబ్బలమడుగు జలపాతం ఆ లోపలే. ఉదయం ఉప్పునీళ్ళ మధ్య వున్నవాడికి మధ్యాహ్నానికి కొండ కనపడితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. గాలి వెనకకి తిరిగిన సంగతి కూడా అప్పుడే తెలిసేది. తొక్కకపోయినా సైకిలు కాస్త దూరం పోతుంటే భాయ్ మమ్మల్ని చూసి నవ్వేవాడు, నేను చెప్పలే అన్నట్టు.

ఈ పక్కనే తెలుగుగంగ కాలవ. మేం మొదట పోయినప్పుడు తవ్వి వదిలిన పొడుగాటి గొయ్యి, అడుగున గొర్రెలు మేసేవి. 1996లో కృష్ణా నీళ్ళు మొదటిసారి ఆ కాలవలో తమిళనాడు సరిహద్దు దాటి పోయాయి. ఆ తర్వాతి జనవరిలో గట్టు మీద సైకిళ్ళు ఆపి, కృష్ణ నీళ్ళంట అని దోసిళ్ళతో మొహం కడుక్కున్నాం. ఎక్కడి శ్రీశైలం, ఎక్కడి సత్యవేడు.

ఊత్తుకోట దగ్గర కాసేపు తమిళనాడు, టీ గ్లాసు చిన్నదై రుచి పెరిగేది. వెంటనే సురుటుపల్లి. విషం మింగి సొమ్మసిల్లిన శివుడు అమ్మవారి ఒళ్ళో తల పెట్టి పడుకున్న గుడి అది. రోజంతా తొక్కి ఒళ్ళు పులిసిపోయిన మాకు, దేవుడైనా అలిసిపోతే పడుకుంటాడని చూడటం ఎంత ఊరటగా వుండేదో. గుడి పక్కనే అరుణానది. ఇక్కడే భాయ్ నాకు ఆ సంగతి చెప్పాడు. "పొద్దన్న నువ్వు చూసిండే నీళ్ళల్లో ఇవి గూడా వుండాయి." అరుణానది ఈ కొండల్లో పుట్టి తమిళనాడులోకి పోయి పులికాట్‌లో కలుస్తుంది. రాత్రి మేం పడుకున్న చోటి కాళంగీ అందులోకే. మేం రెండు రోజులుగా తిరుగుతున్నది ఆ నీళ్ళ చుట్టూతే. సరస్సుకి ఉప్పు సముద్రం ఇస్తే, తీపి మా కొండలిస్తున్నాయి. ఆ రెండూ కలిస్తేనే ఆ రొయ్య, ఆ నాచు, ఆ పక్షి. ఇప్పుడు రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీళ్ళు రావడం లేదని బెస్తవాళ్ళు మొత్తుకుంటుంటే నాకు వెంటనే అర్థమవుతుంది. ఆ అర్థం పేపరు చదివి వచ్చింది కాదు.

నాగలాపురం వేదనారాయణస్వామి గుడి శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు మీద కట్టించినది. లోపల స్వామిది మత్స్యావతారం, నడుము కింద చేప. చేపల సరస్సు నించి వచ్చి, కొండల నడుమ చేప రూపంలో వున్న స్వామిని చూడటం మా తమ్ముడికి ఎంత బాగా నచ్చిందంటే ప్రతిసారీ కొత్తగా చెప్పేవాడు. మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ గర్భగుడిలోకి పోయి స్వామి పాదాల్నీ, నాభినీ, శిరస్సునీ తాకుతుంది. మేం జనవరిలో పోయేవాళ్ళం కాబట్టి అది చూడలేదు. తర్వాత పెళ్ళయ్యాక ఇంట్లోవాళ్ళతో పోయి చూశాను.

మూడో రోజు కొండల రోజు. రామగిరి దారికి కాస్త పక్కకి వుంటుంది, ఆ ఎక్కుడు ఎక్కాల్సిందే. కాలభైరవుడి గుడి దగ్గర కోనేట్లోకి నంది నోట్లోంచి నీళ్ళు పడుతుంటాయి. తాగితే పళ్ళు జివ్వుమనేవి. పిచ్చాటూరులో అరణియారు చెరువు కట్ట మీద గాలికి చెమట ఆరబెట్టుకుని, నారాయణవనం మీదుగా పుత్తూరు. దారి పొడుగునా మామిడి తోటలు, జనవరిలో పూత. ఊళ్ళల్లో మగ్గాల చప్పుడు. నగరి ముక్కు కొండ అన్నిటికన్నా పైకి కనిపిస్తుంది. మద్రాసుకి వచ్చే ఓడలవాళ్ళు ఒకప్పుడు సముద్రం మీద నించి దాన్నే గుర్తు పట్టేవాళ్ళు. పుత్తూరులో భాయ్ ఒకసారి తన ఎడమ మణికట్టు చూపించాడు. చిన్నప్పుడు విరిగితే అక్కడే ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టారట. ఆ చేత్తోనే మా చువ్వలు మీటాడు.

చివరి ఎక్కుడు అంజేరమ్మ కనుమ. బండివాళ్ళందరూ ఆగి అమ్మకి కర్పూరం వెలిగించి పోయే చోటు. కాళ్ళల్లో ఏమీ మిగిలేది కాదు అప్పటికి. భాయ్ మాత్రం దిగి తోసుకోనిచ్చేవాడు కాదు. సీటు మీద నించి లేచి, ఒక్కో పెడలూ బరువంతా వేసి దించుతూ, రోడ్డుకి అడ్డంగా అటూ ఇటూ వంకర్లు పోతూ ఎక్కేవాళ్ళం. పైకెక్కాక ఎదురుగా మా కొండ. ఎన్నిసార్లు చూసినా ఆ వైపు నించి చూసినంత ఇష్టంగా ఇంకెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఆ దారంతా ఒకే జిల్లా, ఊత్తుకోట ముక్క తప్ప. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, నాయుడుపేట నెల్లూరు నించి ఇటు కలిశాయి. పేపర్లో మ్యాపు చూసి, మేం చక్రాలతో గీసిన గీతే అని మా తమ్ముడికి ఫోన్ చేశాను. రోడ్లు వెడల్పయ్యాయి, సత్యవేడు పక్కన శ్రీసిటీ ఫ్యాక్టరీలు వచ్చాయి, చింతచెట్లు పోయాయి. భాయ్ కూడా లేడు. పోయిన జనవరిలో మా చిన్నమ్మాయి గేర్ల సైకిలు కొనుక్కుని ఈ దారి తిరుగుతానంటే, ముందు కాళహస్తి వైపే పొమ్మని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. నేను నాయుడుపేట దాకా తనతో పోయి, ముందుండి గాలి కోసి, బస్సులో వెనక్కి వచ్చాను. సాయంత్రం తను ఊత్తుకోట నించి ఫోన్ చేసి, "నాన్నా, గాలి వెనక్కి తిరిగింది" అని అరిచింది.

తిరిగొచ్చిన రాత్రి ఎంత అలసట వున్నా భాయ్ మమ్మల్ని ఇళ్ళకి పంపేవాడు కాదు. పులికాట్ ఉప్పు చెయినులో దిగివుంటుంది, తెల్లారేసరికి తుప్పు పడుతుందని, షాపు ముందు లైటు వేసి, మూడు చెయిన్లూ విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్దించి, గుడ్డతో తుడిపించి, నూనె వేసి బిగించినాకే పొమ్మనేవాడు. మా అమ్మాయి చేత కూడా ఆ రాత్రే కడిగించాను. దాని చెయినుకి వేరే మందు దొరుకుతుందట, సీసాలో. అదే వాడింది. లింకు లింకూ తిప్పి చూశాను, ఉప్పు లేదు.